రాతి దొరల కాళ్ల మట్టి

శనివారం పొద్దున్నే పెర్నెట్ బొక్కెన నీళ్లు, పీచు పట్టుకుని చర్చికి వెళ్తుంది. మోర్వయ్ వంశపు దొరలు ఐదుగురు అక్కడ తమ సమాధుల మీద రాతి మనుషులై వెల్లకిలా పడుకుని ఉంటారు. వారమంతా కొండవాలు తోటల్లో తిరిగొస్తారు కనుక వాళ్ల కాళ్లకు బర్గండీ సీమ ఎర్రమట్టి మందంగా పట్టి ఉంటుంది. కడగడానికి ఒకరు కావాలి. ముప్పై ఏళ్లుగా ఆ ఒకరు పెర్నెట్.

ఆ శనివారం ఆమె చేతిలో విసురు ఎక్కువగా ఉంది. ద్రాక్ష పండి పన్నెండు రోజులైనా కోత గంట మోగలేదు. ఆ గంటను మోర్వయ్ వంశం వాళ్లే తమ చేత్తో కొట్టాలి. అంతకు ముందు ఊళ్లో ఎవరు గుత్తి తెంపినా వాళ్ల పంటంతా కోటకు పోతుంది. ఇప్పటి దొర సొంత తోటకు మాత్రం గంటతో పని లేదు, దాన్ని గాలుష్ దివాను పోయిన వారమే కోయించేశాడు. కింది వాలులో పెర్నెట్‌కున్న పద్దెనిమిది సాళ్లలో గుత్తులకు అప్పుడే బూజు మొదలైంది. ఈ పంట కూడా పోతే ముసలి పెర్నెట్‌కు ఇల్లు దక్కదు. చలికాలానికి బోన్ పట్నంలో ధర్మాసుపత్రి మంచమే గతి.

పక్క తోట ఎద్మె చర్చి గుమ్మంలో నిలబడి అడిగాడు. "దివాను ఏమన్నాడు అత్తా?"

"దొరగారు పారిస్ దగ్గర వేటలో ఉన్నారట. వేట అయ్యాక బండెక్కుతారట. అందాకా మన పళ్లను ఆగమని చెప్పుకోవాలట."

"అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు."

"మధ్యలో అమ్మనెందుకంటావ్? ఏ అమ్మా ఇంత పాపం చెయ్యదు."

పెర్నెట్ పీచు ఆడిస్తూనే వరసగా ఒక్కొక్కరినీ ఏకిపారేసింది. "ఈయన అడవి నాదన్నాడు, పుల్లలేరిన మా ముత్తాత చెవి కోయించాడు. ఈయన పావురాలగూడు కట్టించి మనం చల్లిన గింజలతో మేపాడు. ఈయన తన మరలో తప్ప పిండి ఆడించకూడదన్నాడు. ఈయనేమో తన పొయ్యిలో తప్ప రొట్టె కాల్చకూడదన్నాడు. వీళ్ల తాతలు నేతులు తాగిన మాట నిజమేరా ఎద్మె, ఆ నెయ్యి ఎవరిదో చెప్పు."

చివరి సమాధి మొదటి దొర గిబెర్‌ది. డ్యూకు వెనకాల గుర్రమెక్కి వచ్చి, కత్తి చూపించి, కొండంతా తనదన్నవాడు. గంట చట్టం పెట్టింది కూడా ఆయనే.

"నువ్వు చేసిన పనికి నీ కాళ్లు నేను కడగాలా?" అంది పెర్నెట్. పీచు ఆయన గుండెల మీద పడేసి వెళ్లిపోయింది.

మర్నాడు పూజ అయ్యాక దివాను చర్చి ముంగిట నిలబడి, దొరగారు వచ్చేదాకా ఎవరూ తోటల్లో అడుగు పెట్టకూడదని మరోసారి చదువుతున్నాడు. సగంలో ఉండగా గంట మోగింది. అందరూ లోపలికి తొంగి చూశారు. గిబెర్ దొర రెండు చేతులా తాడు పట్టుకుని లాగుతున్నాడు.

"ఎవరిచ్చారు ఈయనకు అనుమతి?" అన్నాడు దివాను.

"మోర్వయ్ రక్తమే కదండీ," అన్నాడు ఎద్మె.

"రక్తమెక్కడుంది, ఉత్త రాయి!"

"మిగతావాళ్లకు మాత్రం ఉందంటారా?"

దివాను ఆ రాతి వేలి ఉంగరం మీది ముద్రను చూశాడు. తన చేతిలో కాగితం మీదున్నదీ అదే ముద్ర. టోపీ తీశాడు. ఆదివారమని ఎవరూ ఆగలేదు, ముందుగా గంప అందుకున్నది ఫాదరే.

బూజు గుత్తులు ఏరి పారేసినా పెర్నెట్ తోటలో మూడొంతుల పంట నిలిచింది. ఆమె ఈ చలికాలం తన పొయ్యి దగ్గరే కూర్చుంటుంది. మొదటి సాలు కోత ముగిసేసరికి గిబెర్ దొర వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

"ఆయనకో దండం పెట్టవా అత్తా?" అన్నాడు ఎద్మె.

"ఎందుకూ? నాలుగువందల ఏళ్లు మూసిపెట్టిన తలుపు ఒక్కరోజు తీశాడనా?"

పెర్నెట్ పెద్ద గంపను అంచుదాకా నింపింది. ఎద్మెను ఒక చెయ్యి వెయ్యమని, దాన్ని దొర వీపుకెత్తి, పట్టీలు బిగించింది. గిబెర్ దొర నడుము వంగింది.

"పైన గానుగ దగ్గర దించి ఖాళీ గంప తీసుకురా," అంది. "ఇంకా పదిహేడు సాళ్లున్నాయి."