బడి తీగ

వెర్లీన్ గాడిస్ వైరు కోసిన పూట ఏడో తరగతి పిల్లలు కంప్యూటర్ల మీద పరీక్ష రాస్తున్నారు.

నిచ్చెన పైనుంచి ఆమెకు తరగతి గది కనబడుతూనే ఉంది. వంచిన తలలు, జడల చివర రంగు పూసలు, బల్లల మధ్య తిరుగుతున్న టీచరు. పరీక్ష అయ్యాక కోయొచ్చు. కానీ కింద కంపెనీ మేనేజరు హోల్‌కోమ్ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. ఆమె ప్లయరు నొక్కింది. గదిలో తలలన్నీ ఒక్కసారి లేచాయి. ఒక పిల్ల కిటికీలోంచి తొంగిచూసి గొంతు చించుకుంది.

"ఏయ్ కెజియా! స్తంభం మీదున్నది మీ అమ్మేనే!"

కెజియా కిటికీ దగ్గరికి రాలేదు. తల్లివైపు ఒక్కసారైనా చూడకుండా, కదలని తెర ముందు అలాగే కూర్చుంది. వెర్లీన్ నిచ్చెన దిగింది.

"శభాష్," అన్నాడు హోల్‌కోమ్. ఆ మాటకు ఆమె ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది.

హార్లో బెండ్ మిసిసిపీ పత్తి చేల మధ్య ఊరు. కేబుల్ కంపెనీ ఆ ఊరికి ఎలా వచ్చిందో అక్కడ అందరికీ తెలుసు. ఊరి వీధుల్లో, ఊరి స్తంభాల మీద వైర్లు లాగనివ్వమని వచ్చింది. కౌన్సిల్ హాల్లో కంపెనీ పెద్దమనిషి లేచి నిలబడి అందరి ఎదుటా మాటిచ్చాడు. "మా వైర్లు మీ వీధుల్లో ఉన్నంతకాలం మీ బడులకు ఇంటర్నెట్ ఉచితం." ఇప్పుడు కంపెనీ చేతులు మారింది. కొత్త యజమానులు డబ్బు కట్టండి, లేదంటే కోస్తాం అన్నారు. కట్టే స్తోమత బడికి లేదు. కోయించారు.

ఆ సాయంత్రం వెర్లీన్ కంపెనీ వ్యానులో ఇంటికి వస్తుంటే బర్గర్ షాపు బయట పిల్లలు గుంపుగా కనిపించారు. షాపులోని ఇంటర్నెట్ గోడ దాటి వచ్చినంత మేర నేల మీద కూర్చుని, ఒళ్ళో పుస్తకాలు పెట్టుకుని రేపటి లెక్కలు చేస్తున్నారు. షాపువాడు చీపురు పట్టుకుని బయటికొచ్చాడు.

"కొనేది లేదు, తినేది లేదు. లేవండి! నా గిరాకీ పోతోంది మీ వల్ల."

పిల్లలు లేచారు. వాళ్ళలో కెజియా ఉంది. వ్యాను మీద కంపెనీ బొమ్మ చూసి మొహం పక్కకు తిప్పుకుంది.

ఇంట్లో కూతురి ముందు మొక్కజొన్న రొట్టె పెడుతూ వెర్లీన్ అంది, "నేను కోయకపోతే ఇంకోడు కోసేవాడు తల్లీ. నా ఉద్యోగం మాత్రం ఊడేది."

"ఆ ఇంకోడే కోస్తే బాగుండేది," అంది కెజియా. "వాడి ఇంటిపేరు నా పేరు పక్కన ఉండదుగా."

రొట్టె అలాగే చల్లారిపోయింది.

మౌంట్ నీబో చర్చి వెనక హాల్లో బడి వైరు గురించి మీటింగ్ అన్నారు. వెర్లీన్ వెళ్ళకూడదనుకుంది. వెళ్ళింది. పనినుంచి నేరుగా రావడంతో కంపెనీ చొక్కా ఒంటి మీదే ఉంది. తలుపు దగ్గరే ఆగిపోయింది. చేపల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆడవాళ్ళు రబ్బరు బూట్లతోనే కూర్చున్నారు. హాలంతా చేపల వాసన. పాస్టరు ఓర్పు గురించి చెబుతున్నాడు. మర్యాదగా అడిగితే కంపెనీ వింటుందంటున్నాడు.

"మర్యాదా?" ఎవరో లేచారు. "నా పిల్ల వానలో తడుస్తూ ఫోను పట్టుకుని పాఠం వింటోంది పాస్టరుగారూ!"

"కోసిన మనిషిని అడగండి! అదిగో, తలుపు దగ్గరుంది, చొక్కా వేసుకుని మరీ వచ్చింది!"

అందరూ వెనక్కి తిరిగారు. వెర్లీన్‌కు భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది. "చర్చిలోకి ఏ మొహం పెట్టుకొచ్చావే?" అని ఒకామె. "కంపెనీ కుక్క," అని ఇంకో గొంతు. అన్నవాళ్ళంతా ఆమెకు చిన్నప్పటినుంచీ తెలిసినవాళ్ళు.

అప్పుడు మిస్ ఆర్డెల్లా లేచింది. ఫ్యాక్టరీలో సమ్మె నడిపిన ముసలామె. చేపల కత్తికి ఒక వేలు పోయింది. ఆ చెయ్యి పైకెత్తితే హాలు సద్దుమణిగింది.

"దాన్ని తిడితే వైరు అతుక్కుంటుందా? ఆ రోజు కౌన్సిల్ హాల్లో నేనున్నా. నువ్వున్నావు. పాస్టరుగారూ, మీరూ ఉన్నారు. వాడు మాటిచ్చాడు, మనం చప్పట్లు కొట్టాం. కొట్టి, ఇంటికెళ్ళి టీవీ పెట్టుకున్నాం. మాట నిలబెడుతున్నాడా లేదా అని మళ్ళీ ఎవరం అడిగాం? సిగ్గుపడాలంటే అందరం పడదాం." వెర్లీన్ వైపు తిరిగింది. "నువ్వు సిగ్గుతో తలుపు దగ్గరే నిలబడితే కంపెనీకి నష్టమేంటే? నీకు తెలిసింది చెప్పు."

వెర్లీన్ తలుపు వదిలి ముందుకొచ్చింది. "రైలు పట్టాల అవతల అకాడమీకి... ఇంకా ఉచితమే. పోయిన వారం నేనే వెళ్ళి బాగుచేసొచ్చా. హోల్‌కోమ్ పిల్లలు అక్కడే చదువుతారు. మన బడి వైరు కోయమన్నప్పుడు అది నాకు తెలుసు. అయినా నోరు మూసుకున్నా."

ఆ అకాడమీ తెల్లవాళ్ళు తమ పిల్లల్ని మన నల్లపిల్లల పక్కన కూర్చోబెట్టలేక కట్టుకున్న ప్రైవేటు బడి. హాలు భగ్గుమంది. పాస్టరు ఓర్పు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మర్నాటి నుంచి బడి వదలగానే పిల్లలు కంపెనీ ఆఫీసుకు నడిచారు. ఆఫీసులో అందరికీ ఉచిత ఇంటర్నెట్ అని బోర్డుంది. దాని కిందే నేల మీద కూర్చుని పుస్తకాలు తెరిచారు. వెనక తల్లులు నిలబడ్డారు.

"ఇది ప్రైవేటు ఆస్తి," అన్నాడు హోల్‌కోమ్.

"మీ వైర్లు వేలాడేది మాత్రం మా స్తంభాలకు," అంది ఆర్డెల్లా. "అవి కిందికి దించుకో, మేమూ పోతాం."

రోజురోజుకీ ఎక్కువమంది వచ్చారు. చివరికి హోల్‌కోమ్ వెర్లీన్‌నూ, ఆమెతో పనిచేసే డ్యుప్రీనీ లోపలికి పిలిచాడు. "చిన్న పిల్లల బడి వైరు కూడా కోసేయండి. అప్పుడు బుద్ధొస్తుంది వీళ్ళకి."

డ్యుప్రీ వ్యానులో ఆమె పక్కన ఎక్కాడు. వెర్లీన్ చిన్న బడి ముందు ఆపలేదు. నేరుగా తను కోసిన స్తంభం దగ్గరికి నడిపింది. "నువ్వు దిగిపో," అంది. "నీకు పిల్లలున్నారు."

"నీకు లేరా?" అంటూ డ్యుప్రీ నిచ్చెన దించాడు.

షిఫ్టు దిగి వస్తున్న ఫ్యాక్టరీ ఆడవాళ్ళు కంపెనీ వ్యాను చూసి పరుగెత్తుకొచ్చారు. ఇంకో వైరు కోయడానికే అనుకుని తిట్లు లంకించుకున్నారు. ఆమె చేతిలో కొత్త వైరు చూసి ఒక్కొక్కరే ఆగారు. ఆర్డెల్లా వచ్చి నిచ్చెన పట్టుకుంది. మిగతావాళ్ళు స్తంభం చుట్టూ చేతులు కలిపి నిలబడ్డారు.

పైకెక్కుతుంటే వెర్లీన్‌కు ధైర్యమేమీ రాలేదు. సిగ్గే ఉంది. ఈ చేతులతో తెంపింది కనుక ఈ చేతులతోనే కలపాలి, అంతే. పోలీసు కారు మలుపు తిరిగేసరికి కిటికీలోంచి టీచరు కేక వేసింది. "వచ్చింది! వచ్చేసింది!"

కిందికి దిగగానే బేడీలు వేశారు. కంపెనీ సొత్తు దొంగతనమట.

"నిచ్చెన పట్టుకున్నది నేను," అంది ఆర్డెల్లా, చేతులు చాపి.

"దించింది నేను," అన్నాడు డ్యుప్రీ. నడుం బెల్టు విప్పి, పోలీసుల వెనకే వచ్చిన హోల్‌కోమ్ కాళ్ళ దగ్గర పనిముట్లతో సహా పడేశాడు.

"మేం అడ్డం నిలబడ్డాం. మమ్మల్నీ ఎక్కించు!"

కారులో అంతమందికి చోటు లేదు. వెర్లీన్‌ను ఒక్కదాన్నే ఎక్కించారు. కెజియా బడిలోంచి పరుగెత్తుకొచ్చి, గుంపును తోసుకుంటూ కారు అద్దం దగ్గరికి వచ్చింది. తల్లి తల దించుకుంది.

"నా కోపం పోలేదమ్మా," అంది కెజియా.

"తెలుసు."

"పరీక్ష మళ్ళీ రాస్తా. తర్వాత కౌన్సిల్ హాల్లో మాట్లాడతా. గాడిస్ అని పేరు చెప్పే మాట్లాడతా."

డ్రైవరు హారన్ మోగించాడు. కెజియా అద్దం వదిలి కారు ముందుకు నడిచి, ఫ్యాక్టరీ ఆడవాళ్ళ పక్కన రోడ్డు మీద కూర్చుంది. బడి తలుపులు తెరుచుకుని పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆమె వెనక కూర్చున్నారు. కారు కదలలేదు.