సంక్షేమానికి కాళ్లెన్ని?

నేనూ మా తోడికోడలూ ఒకే బట్టల షాపులో పనిచేస్తాం. నాది పరదాల కౌంటరు, దానిది దుప్పట్లు. షట్టరు లేచిన దగ్గర్నుంచి దించేదాకా నిలబడే ఉండాలి. మనం కూర్చుంటే బేరం కూర్చుంటుందని యజమాని నమ్మకం. మా తోడికోడలికిప్పుడు ఏడో నెల. పాదాలు పొంగి చెప్పుల్లో పట్టడం లేదు. ఇలాగే నిలబడితే బిడ్డకే ముప్పని డాక్టరమ్మ తిట్టి పంపింది. మానేద్దామంటే మా మరిదికి పనిలేదు.

కూర్చోడానికి ఏదైనా అడుగుతానంటే, "వద్దక్కా, అడిగితే ఉన్న ఉద్యోగం ఊడుతుంది" అంది. నా నోరు ఊరుకుంటుందా? మేనేజరు దగ్గరికి వెళ్లాను.

"సార్, మా చెల్లికి ఒక స్టూలు వేయించండి."

"సిబ్బంది సంక్షేమమే మా ధ్యేయమమ్మా. సమగ్రంగా పరిశీలిస్తున్నాం."

"పరిశీలించడానికేముంది? గోడౌన్లో ఉంది. నేనే మోసుకొస్తాను."

"మీరు మరీ చిన్నగా ఆలోచిస్తున్నారు. మనమంతా ఒక కుటుంబం. కొన్ని విలువలుంటాయి."

ఒళ్లు మండిపోయింది. ధ్యేయమట, విలువలట! వాటి మీద నడుం వాల్చగలమా? సంక్షేమానికి కాళ్లెన్నో చెప్పమనండి, అప్పుడు నమ్ముతాను. మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు.

వారం తిరక్కుండానే షాపు మూసే వేళ అందర్నీ మెట్ల దగ్గర పోగేశారు. యజమానికి మెత్తటి కుర్చీ వేశారు. మేమంతా నిలబడ్డాం, మైకు పట్టుకుని మేనేజరూ నిలబడ్డాడు. సహనం, అంకితభావం అంటూ దంచి దంచి, "సహనానికి ప్రతిరూపం" అని మా తోడికోడల్ని ముందుకు పిలిచాడు. బహుమతిగా ఒక గాజు బిళ్ల ఇవ్వడానికి యజమాని లేచాడు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. దాని మొహం పాలిపోయింది, తూలి నా భుజం పట్టుకుంది.

"కూర్చోవే!" అని అరిచాను.

"ఎక్కడక్కా?"

"ఆయన లేచాడుగా, అక్కడే!"

చెయ్యి పట్టుకుని ఆ కుర్చీలో కూలేశాను. చప్పట్లు ఆగిపోయాయి.

"ఏమిటమ్మా ఇది, క్రమశిక్షణ లేదా? లేవమను" అన్నాడు మేనేజరు.

"లేవలేను సార్" అంది అది, కళ్లు మూసుకుని. అంతమంది చూస్తుండగా కడుపుతో ఉన్న పిల్లని లాగి లేపలేరుగా! మేనేజరు మళ్లీ మైకందుకుని విలువల గురించి మొదలుపెట్టాడు. గాజు బిళ్ల చేత్తో పట్టుకుని యజమాని ఈ కాలి మీదా ఆ కాలి మీదా ఊగుతున్నాడు. చివరికి ఉండబట్టలేక మేనేజరు మీద విరుచుకుపడ్డాడు.

"ఆపవయ్యా నీ సోది! మోకాళ్లు పీకేస్తున్నాయి. గోడౌన్లో స్టూలేదైనా ఉంటే పట్రా!"

పరిశీలనా లేదు, ధ్యేయమూ లేదు. మేనేజరు పరుగెత్తాడు.

యజమాని ఇంటికి వెళ్లగానే ఆ స్టూలు నేనే ఎత్తుకెళ్లి దుప్పట్ల కౌంటరు వెనక వేశాను. తీయమనడానికి మేనేజరుకి నోరు రాలేదు.