కెజియా మొదటి చేప

మా కెజియా తన మొదటి చేపని జూలైలో పట్టింది. పిల్లలు పట్టే మొదటి చేప ఎవరిదో ధ్రువం దగ్గరి మా ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. బొడ్డు కోసిన మనిషిది. కెజియా పుట్టిన రోజు మంచుతుఫానుకి విమానం రాక, నన్ను ఆస్పత్రికి చేర్చలేక, మా ఊరి పెర్సిస్ అవ్వే మా ఇంట్లో దాని బొడ్డు కోసింది. అప్పటినుంచీ తొమ్మిదేళ్ళుగా ఆ చేప కోసం చూస్తోంది. కనబడితే చాలు, "ఏమే, నా చేపేది? పళ్ళన్నీ ఊడాక తెస్తావా?" అని దెప్పేది. ఆ చేప అవ్వ తిని బాగుందంటేనే పిల్ల వేటకి పనికొచ్చినట్టు. తినకపోతే తర్వాత ఎన్ని పట్టినా లెక్కలోకి రావు.

ఈ ఏడు అవ్వ మంచం పట్టింది. ఇక చేసేదేమీ లేదని ఆస్పత్రి వాళ్ళు ఇంటికి పంపేశారు. చలికాలం దాకా ఉండదని అందరికీ తెలుసు. అందుకే నది మీద మంచు విడిచిన రోజునుంచీ పిల్ల గట్టు మీదే ఉంది. తీరా దాని గాలానికి తగిలింది సాల్మన్.

పదేళ్ళ కిందట ఆ చేప ఏడాదికి ఒకటో రెండో దారి తప్పి వచ్చేది. వింతగా చూసి ఫొటోలు తీసుకునేవాళ్ళం. ఇప్పుడు సముద్రం వెచ్చబడి మందలు మందలుగా వస్తోంది. తరతరాలుగా మేము తినే చార్ చేపలకని వేసిన వలల్ని చింపి పారేస్తోంది. మా చార్ చేపలేమో వేళకి రావడం మానేశాయి. పోయినేడు సాల్మన్‌ని మా పద్ధతిలో కోసి ఎండబెడితే కొవ్వు కారి కుళ్ళిపోయింది. దండెం మొత్తం దులిపి పారబోశాను. దాన్ని చూస్తేనే నాకు ఒళ్ళు మంట.

పిల్ల తను పట్టిన సాల్మన్‌ని గుండెకి హత్తుకుని పరిగెత్తుకొచ్చింది. చొక్కా నిండా పొలుసులే. నేను చేసిన నిర్వాకం ఏమిటంటే, "ఇది మన చేప కాదు, లెక్కలోకి రాదు. పోయే ముందు అవ్వ నోట్లో పరాయి చేప పెడతావా? చార్ చేప పడేదాకా ఆగు" అని చేతిలోంచి లాక్కుని కుక్కలకి వేశాను. అవ్వని ఒక్కమాట అడుగుదామన్నాడు మా ఆయన ఎనాక్. మధ్యలో నీకెందుకన్నాను. పిల్ల ఏడవలేదు. గాలం తీసుకుని మళ్ళీ నదికి పోయింది.

ఆగస్టంతా సాల్మన్లే పడ్డాయి. అవ్వ రోజూ నన్ను అడిగేది, ఇంకా పడలేదా అని. ఇంకా లేదవ్వా అనేదాన్ని. నాలుగు చెంచాలు తాగే సూప్ రెండు చెంచాలయింది, తర్వాత ఒకటి.

ఒక మధ్యాహ్నం అవ్వ పిల్లనే అడిగేసింది, గాలం వెయ్యడం రాదా, మీ అమ్మ పోలికేనా అని. మా పిల్లకి అబద్ధం రాదు.

"పట్టాను అవ్వా. సాల్మన్. అమ్మ అది పరాయి చేప, లెక్కలోకి రాదంది."

అవ్వ నావైపు తిరిగింది. "ఏం చేశావ్ దాన్ని?"

"కుక్కలకి వేశాను."

అవ్వ మెల్లగా అంది. "నా చిన్నప్పుడు ఆకలికి బూట్ల తోలు ఉడకబెట్టుకు తిన్నాం. నాకు పరాయిదేంటే? పిల్ల చేత్తో పట్టింది, అంతే. అది నా చేప. నన్నడక్కుండా కుక్కలకేశావు."

గొంతులో కోపం లేదు. నాలుగు తిట్టినా బతికిపోదును. రేపే ఇంకోటి తెస్తామన్నాను, సిగ్గులేకుండా. మొదటిది రెండోసారి రాదులే అంది. అవ్వ కెజియా అరచెయ్యి తన ముక్కు దగ్గర పెట్టుకుని, చేప వాసన మిగిలిందేమోనని చూసి, "సబ్బు" అని నవ్వబోయింది.

మర్నాటి నుంచీ అవ్వకి నీళ్ళు కూడా దిగలేదు. ఐదో రోజున పోయింది. నేల మెత్తబడి ఉంది కాబట్టి గొయ్యి తవ్వడం తొందరగానే అయిపోయింది.

వారం తిరక్కుండా చార్ చేపలొచ్చాయి. పిల్లని నేనే నదికి తీసుకెళ్ళాను. రెండో విసురుకే పడింది, ఎర్రటి పొట్టతో మోచేతి పొడుగున. సంబరపడ్డాను, పాపిష్టిదాన్ని. పిల్ల జాగ్రత్తగా కొక్కెం తీసి, దాన్ని నీళ్ళలో పట్టుకుని, అది తోక ఆడించాక వదిలేసింది.

"అదేంటే, చార్ చేపేగా?" అన్నాను.

"తినేవాళ్ళు లేరుగా అమ్మా" అంది. దారం చుట్టి, గాలం నా చేతిలో పెట్టి ఇంటివైపు నడిచింది.