నీడ కూర్చున్నాక

“నీడ కూర్చుంటే మనిషీ కూర్చుంటాడు. నేను మేనేజరుగా ఉన్నంతకాలం ఈ మైదానంలో ఇంకో చెయ్యి పాడవదు. ఇది నా మాట.”

ఏప్రిల్లో, ఫైర్ స్టేషన్ హాల్లో ఊరంతా పాన్‌కేకులు తింటుండగా హాలిస్ ప్రూట్ లేచి ఈ మాట అన్నాడు. వెండెల్ క్రూపా దాన్ని అక్కడికక్కడే కాగితపు రుమాలు మీద రాసుకున్నాడు. ఇరవై నాలుగేళ్లవాడు. ఊరి లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఉద్యోగం. సర్దడం కన్నా చదవడమే ఎక్కువ. చదివింది కడుపులో ఉంచుకోలేడు. ఊరి బేస్‌బాల్ జట్టు ఫెర్రీమెన్ ఆట ఉన్న ప్రతి ఆదివారం ఒక కరపత్రం రాసి, లైబ్రరీ మెషీన్ మీద రెండువందల కాపీలు తీసి, గేటు దగ్గర పంచుతాడు. “చూసేవాడిదే ఆట!” అని పైన పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

సెప్టెంబరు మొదటి ఆదివారం కూడా అలాగే పంచి, మూడో బేస్ వైపు చెక్క బల్లల మీద మేనత్త ఓపల్ పక్కన కూర్చున్నాడు. ఓపల్ గాజు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైంది. స్కోరు పుస్తకం ఒళ్లో, రెండు పెన్సిళ్లు జుట్టులో.

“ఇవాళేం రాశావురా, మళ్లీ విప్లవమేనా?”

“ఆగస్టు పన్నెండున లూపే అరండాని తీసేసిన సంగతి.”

“తీసెయ్యమని జూన్లో రాసింది ఎవరో?”

వెండెల్ వేరుశెనక్కాయ ఒలిచాడు. నిజమే. లూపేకి ముప్ఫై ఏడేళ్లు. ఎడంచేత్తో బంతి విసిరే పిచర్. మొదట దిగినవాడు అలసిపోతే ఏడో ఇన్నింగ్స్‌లో వచ్చి బంతి అందుకునేవాడు. జట్టులో ఇరవై నాలుగు పేర్లకే చోటు. “పరుగులు కావాలి! ముసలి భుజాలకు విశ్రాంతినివ్వండి!” అని రాసింది వెండెలే. ప్రూట్ ఆ మాట పట్టుకుని లూపేని పంపేసి, కంచె దాటించి కొడతాడని పేరున్న ఒక బండ మనిషిని తెచ్చాడు. ఆ మనిషి మూడు వారాల్లో కంచె దాటించింది రెండుసార్లు. టికెట్లు మాత్రం బాగా అమ్ముడయ్యాయి.

“అప్పుడు నాకు తెలీదత్తా.”

“తెలీనప్పుడే నీ అక్షరాలు పెద్దగా ఉంటాయి.”

ఆ రోజు గెలిస్తే ఫెర్రీమెన్ పై పోటీలకు వెళ్తారు. పదకొండేళ్లలో మొదటిసారి. పిచర్ నిలబడి విసిరే దిబ్బ మీద కాల్టన్ రీస్ ఉన్నాడు. ఇరవై రెండేళ్లు, పొడుగు చేతులు, చెవులు ఎర్రబడే రకం. ఆ బంతి పట్టే క్యాచర్ వెనక వరసలో, బంతి వేగం కొలిచే తుపాకీ పట్టుకుని పెద్ద లీగ్ నుంచి వచ్చిన ఒక మనిషి కూర్చున్నాడు. ఆయన ఎవరికోసం వచ్చాడో ఊరందరికీ తెలుసు. కాల్టన్‌కి అందరికన్నా బాగా తెలుసు.

ఆరు ఇన్నింగ్స్ బాగానే గడిచాయి. మూడుకి రెండు, ఫెర్రీమెన్ పైన ఉన్నారు. ఏడోదాంట్లో ఒకడు ఔటయ్యాక, బంతులు గురి తప్పడంతో ఒకడు కొట్టకుండానే నడిచి మొదటి బేస్ చేరాక, కాల్టన్ నీడ అతని కాళ్ల దగ్గర్నుంచి విడిపోయింది. గడ్డి మీదుగా మెల్లగా నడిచి, సుద్దగీత దాటి, కప్పులేని ఆటగాళ్ల బెంచీ మీదికి వెళ్లి కూర్చుంది.

జనం లేచారు. టోపీలు తీశారు. ఆ ఊళ్లో అది మామూలే. చెయ్యి అయిపోయిందని పిచర్ కన్నా ముందు అతని నీడకి తెలుస్తుంది. అది కూర్చోగానే జనం నిలబడతారు, మేనేజర్ వచ్చి బంతి తీసుకునేదాకా కూర్చోరు. అంపైర్ ఆ కాసేపూ వంగి, కొట్టేవాడి ముందుండే ప్లేట్ మీద దుమ్ము దులుపుతూ ఉంటాడు. ఓపల్ స్కోరు పుస్తకంలో ఆ గడి పక్కన చిన్న కుర్చీ బొమ్మ గీసింది.

ప్రూట్ వచ్చాడు. కాని చెయ్యి చాపలేదు. కంచె పక్క బల్ల వైపు ఒకసారి చూశాడు. అక్కడ ఉన్న ఇద్దరు పిచర్లూ ముందురోజు తొమ్మిదితో తేలక పదమూడు ఇన్నింగ్స్ సాగిన ఆటలో అరిగిపోయినవాళ్లే. భుజాలకు మంచు సంచులు కట్టుకుని కూర్చున్నారు. లూపే ఉండాల్సిన చోట ఒక నీళ్ల డబ్బా ఉంది.

“ఇంకో ఇద్దర్ని ఔట్ చెయ్యి. ఇద్దరే ఇద్దరు,” అన్నాడట ప్రూట్. క్యాచర్ తర్వాత చెప్పాడు. “వెనక ఎవరు కూర్చున్నారో చూశావుగా? వాళ్లకి దమ్మున్నవాళ్లు కావాలి బాబూ, నీడని చూసి పారిపోయేవాళ్లు కాదు.”

వెనక్కి తిరిగి బెంచీకి వెళ్లిపోయాడు.

“బంతి తీసుకోలేదు,” అంది ఓపల్. పెన్సిల్ ఆమె వేళ్లలో ఆగిపోయింది. “నిరుడు కూడా ఇలాగే చేశాడు.”

నిరుడు మార్విన్ స్లేడ్. నీడ కూర్చున్నాక రెండు ఇన్నింగ్స్ వేయించారు. మోచేతిలో నరం తెగిపోయింది. మార్విన్ ఇప్పుడు విత్తనాల కొట్టులో ఎడంచేత్తో బస్తాలు మోస్తున్నాడు. ఎండలో నడిచినా అతని కింద ఏమీ పడదు. అతని నీడ మాత్రం బెంచీ చివర అలాగే ఉండిపోయింది, మోచెయ్యి ఒళ్లో పెట్టుకుని. ఆటగాళ్లు ఆ మూల ఖాళీగా వదిలి కూర్చుంటారు. దాని మీద తువ్వాలు కూడా వెయ్యరు.

అంపైర్ దులపడానికి ఇంక దుమ్ము లేదు. “ఆట!” అని అరిచాడు.

కాల్టన్ విసిరాడు. బంతి అడుగున్నర బయటికి పోయింది. ఎవరూ కూర్చోలేదు. రెండోది విసిరాడు. దాన్ని కొట్టినవాడు రెండో బేస్ చేరాడు, ముందున్నవాడు మూడోదానికి. కాల్టన్ వేళ్లు విదిలించుకున్నాడు, చీమ కుట్టినట్టు.

“ప్రూట్!” వెండెల్ గొంతు చీలింది. “పాన్‌కేకులు అరిగిపోయాయా?”

నాలుగైదు నవ్వులు వినపడి ఆగిపోయాయి. కింది వరసలోంచి ఒక లావుపాటాయన తిరిగాడు. “నోర్ముయ్ రా లైబ్రరీ. ఇంకో ఇద్దరు చాలు. పదకొండేళ్లు!”

“నీ మోచెయ్యి ఇస్తావా?”

“ఇస్తా! బీరు పట్టుకోడానికి ఇంకోటుంది.”

“వెండెల్,” అంది ఓపల్, అతని చొక్కా పట్టుకుని. “అరవకు. బెంచీ చూడు.”

బెంచీ చివర మార్విన్ నీడ కదిలింది. నిరుడు ఆగస్టు నుంచి కదలని నీడ, ఒక జానెడు పక్కకి జరిగింది. కొత్తగా వచ్చిన నీడకి చోటిచ్చింది, బస్సులో ఎక్కినవాడికి ఇచ్చినట్టు. చాలాసేపు ఉండబోయేవాడికి ఇచ్చినట్టు.

కాల్టన్ అది చూశాడు.

క్యాచర్ వేళ్లతో సైగ చేస్తున్నాడు. తుపాకీ మనిషి ముందుకి వంగాడు. కాల్టన్ వంగి, బంతిని దిబ్బ మీది తెల్ల పలక మీద పెట్టాడు, గుడ్డు పెట్టినంత జాగ్రత్తగా. గీత మీద కాలు పడకుండా దాటి, వెళ్లి తన నీడ మీద కూర్చున్నాడు. అది అతని కింద సర్దుకుంది.

చప్పట్లు కొట్టాలో వద్దో జనానికి తెలియలేదు. ఓపల్ ఒక్కతే కొట్టింది.

మిగతా ఆటంతా, అవసరానికని ఉంచిన మూడో క్యాచర్ బంతి విసిరాడు. పాపం, అతను జన్మలో విసిరింది లేదు. ఎనిమిదికి మూడుతో ఓడిపోయారు. లావుపాటాయన మెట్లు దిగుతూ వెండెల్ ముందు ఆగాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

“ఒక్క చెయ్యి కోసం ఊరి సీజన్ పోగొట్టాడు.”

“సీజన్ ఏప్రిల్లో మళ్లీ వస్తుంది,” అన్నాడు వెండెల్. అది ఏ పుస్తకంలోదీ కాదు. అందుకే మెల్లగా అన్నాడు.

మంగళవారం తుపాకీ మనిషి ఫోన్ చేశాడు. ఆగాల్సినచోట ఆగడం తెలిసినవాడు కావాలన్నాడు. సెప్టెంబరు ఇరవై రెండున వాళ్ల శిక్షణ శిబిరం మొదలు. కాల్టన్‌కి ఒక మంచం, ఒక చొక్కా సిద్ధం. కాని ప్రూట్ అప్పటికే కాల్టన్‌ని సస్పెండ్ జాబితాలో పెట్టాడు. తీసేసి ఉంటే బాగుండేది. తీసేసినవాడు ఎక్కడికైనా వెళ్లొచ్చు. సస్పెండైనవాడు జట్టు సొత్తు. ఆడనివ్వరు, పోనివ్వరు.

గురువారం పొద్దున వెండెల్ విత్తనాల కొట్టుకి వెళ్లాడు. కాల్టన్ అక్కడే ఉన్నాడు, గుమ్మంలో, టోపీ చేతిలో నలుపుతూ. సూర్యుడు వెనకనుంచి కొడుతుంటే అతని నీడ కొట్టు మధ్యదాకా పొడుగ్గా పడి ఉంది.

“థాంక్స్ చెబుదామని వచ్చానన్నా,” అన్నాడు కాల్టన్. “ఆదివారం నువ్వు జరిగావు.”

“నేనా? నేను ఆదివారం ఇంట్లో గడ్డి కోసుకుంటున్నా.” మార్విన్ బస్తా ఎడం భుజం మీద వేసుకున్నాడు. “ఎలా ఉంది చెయ్యి?”

“నొప్పుంది. కానీ ఉంది.”

మార్విన్ తలూపాడు. తలుపువైపు నడుస్తూ, ఆ పొడుగు నీడ దగ్గర ఆగి, దాని మోచెయ్యి ఎక్కడుందో చూసుకుని, తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లాడు. అంత బరువు మోస్తూ.

వెండెల్ లైబ్రరీకి వచ్చాడు. ఆ పూట రాసిన కరపత్రం మీద పెద్ద అక్షరాలు లేవు. రెండువందలు కాదు, రెండువేల కాపీలు తీసి, ఫైర్ స్టేషన్ తలుపుకి మొదటిది అంటించాడు. ఓపల్ టేపు ముక్కలు చించి ఇచ్చింది.

“హాలిస్ ప్రూట్ గారికి. లూపే అరండాని తీసెయ్యమని జూన్లో రాసింది నేను. కంచె దాటే బంతులే చూశాను, ఏడో ఇన్నింగ్స్‌లో కంచె పక్క బల్ల మీద ఎవరుంటారో చూడలేదు. ఆ తప్పు నాది. ఇక్కడ సంతకం చేస్తున్నాను. ఇప్పుడు మీ వంతు. ఈ ఊరిముందు మీరన్న మాట ఉన్న రుమాలు దీనితో జతచేశాను. సిరప్ మరక ఉంది, అక్షరాలు బాగానే కనపడతాయి. నిరుడు ఒక మనిషి నీడని ఉంచేసుకున్నారు. ఈ ఏడు ఒక నీడ తప్పించుకుంటే మనిషిని ఉంచేసుకున్నారు. కాల్టన్ రీస్‌ని వదిలేస్తారా, లేదా? ఒక్క ముక్కలో చెప్పండి. నేనూ, నాతోపాటు లేచినవాళ్లూ బెంచీ ఎదురుగా టోపీలు తీసి నిలబడే ఉంటాం. మీ జవాబు వచ్చేదాకా కూర్చోం.

గడువు: సెప్టెంబరు 19, శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండు.”