చిన్నిని చూపించని ఆదివారాలు

పెళ్లయి నాలుగు నెలలైన సంజనకు చిక్కడపల్లిలోని ఆ మూడో అంతస్తు ఇంట్లో ప్రతిదీ ముచ్చటే. పొద్దున్నే వీధిలో కూరగాయల బండి కేక ముచ్చటే, ఇద్దరికీ కలిపి ఒకే గిన్నెలో కాచే చాయ్ ముచ్చటే. అన్నింటికన్నా ముచ్చటైనవి ఆదివారాలు. ఆ రోజు భర్త అభిజిత్ ఘట్‌కేసర్ అవతల ఉన్న తమ తోటకు వెళ్లి, వెదురుబుట్టలో డాష్‌హౌండ్ కుక్కపిల్లలను తెచ్చేవాడు. పొడుగు నడుము, పొట్టి కాళ్లు, నేలను తాకే చెవులు. ఆ చెవుల మీద అవే కాలు వేసుకుని బోర్లా పడుతుంటే సంజన చప్పట్లు కొట్టేది.

తోటలో వీటిని పెంచేది మామగారు రామచంద్రం. మామిడిచెట్ల కింద షెడ్డు కట్టి పదేళ్లుగా పిల్లలను తీయించి అమ్ముతున్నారు. కొనేవాళ్లు అంత దూరం రారు కాబట్టి, చదువుకున్న కోడలు వచ్చాక అమ్మకం సిటీ ఇంటికి మారింది.

పిల్లలతో పాటు బ్రౌనీ అనే పెద్ద కుక్క కూడా వచ్చేది. నిగనిగలాడే ఒళ్లు. సంజన దాని మెడకు ఎర్ర రిబ్బను కట్టి, ఇదే వీటి తల్లి అని చూపించేది. కాదని ఆమెకు తెలుసు. అసలు తల్లి పేరు చిన్ని.

"అది జర చిక్కింది. చూస్తే కొనేటోళ్లు పరేషానైతరు" అని అభిజిత్ మొదటి వారమే చెప్పాడు.

"అయితే బ్రౌనీ యాక్టింగ్ చేస్తదన్నట్టు" అని సంజన నవ్వింది. మంచివాళ్లు తప్పులోకి అడుగుపెట్టేది చాలాసార్లు ఇలా నవ్వుకుంటూనే.

ఒక ఆదివారం అశోక్‌నగర్ నుంచి కుక్కపిల్ల కోసం విద్యావతి గారు వచ్చారు. నారాయణగూడలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన ఆవిడ. సంజన డిగ్రీలో ఆవిడ విద్యార్థినే.

"నువ్వా సంజనా? క్లాసు మొత్తంల నీ రికార్డు బొమ్మలే మంచిగుండేటివి."

సంజన పొంగిపోయింది. చాయ్ ఇచ్చి, ఒక పిల్లను ఆవిడ ఒళ్లో పెట్టింది.

"తల్లేది?"

"ఇదే మేడం."

అంతలో ఆకలేసిన పిల్ల ఒకటి పాల కోసం బ్రౌనీ పొట్ట కిందికి దూరబోయింది. బ్రౌనీ గుర్రుమని సోఫా కిందికి పోయింది. విద్యావతి గారు మోకాలి మీద చెయ్యి ఆనించి నెమ్మదిగా వంగి చూశారు.

"ఇది ఇంతవరకు ఈననే లేదమ్మా. నీకు ఈ పాఠం చెప్పింది నేనే కదా. దీన్ని నాకే తల్లి అని చూపిస్తున్నవా?"

"అసలుది తోటల ఉంది మేడం. బాగా పాడైపోయింది. చూస్తే ఎవరూ తీస్కపోరని..."

తను అంటున్నదేమిటో సంజనకు అప్పుడే వినబడింది.

విద్యావతి గారు చాయ్ పూర్తిగా తాగారు. చెప్పులు వేసుకుంటూ అన్నారు. "చూపియ్యలేక దాచినవంటే, అట్ల చెయ్యొద్దని నీకు తెలిసే ఉన్నది."

తిట్టినా బాగుండేదనుకుంది సంజన.

మధ్యాహ్నం ఆమె పట్టుబట్టి భర్తతో తోటకు వెళ్లింది. ఎన్నోసార్లు వచ్చింది గానీ షెడ్డు చివరి గదిలోకి ఎప్పుడూ తొంగిచూడలేదు. చిన్ని అక్కడే ఉంది. వెన్నుపూసలు లెక్కపెట్టేలా తేలాయి. వేలాడిన పొదుగు నేలకు రాసుకుని పుండ్లు పడింది. కొత్త మనిషిని చూసి లేవబోతే వెనక కాళ్లు లేవలేదు. తోక మాత్రం ఊపింది.

"ఎన్ని ఈతలు మామయ్యా?"

"ఏడు. ఇంకొక్కటి తీసి వదిలేద్దామనుకున్న."

"డాక్టర్ ఏమన్నడు?"

అభిజిత్ నేల చూపులు చూస్తూ చెప్పాడు. "రెండేండ్ల కిందనే ఆపుమన్నడు."

"నేనేమన్న కొట్టిననా బిడ్డా? తిండి తక్కువ చేసిననా?" అన్నారు రామచంద్రం.

"కొట్టలే మామయ్యా. నేను గూడ కొట్టలే. దీని పిల్లల్ని తీస్కపోయి వేరేదాని పక్కన కూసోబెట్టిన, గంతే. వచ్చే వారం నుంచి చిన్నినే చూపిస్త."

"దీన్ని జూస్తే ఎవడు కొంటడు?"

అనేసి ఆయన తలదించుకున్నారు. చిన్ని పాక్కుంటూ వచ్చి ఆయన పాదం మీద గడ్డం ఆనించింది. చాలాసేపు ఆయన కాలు కదపలేదు.

"తీస్కపో బిడ్డా. ఆపరేషన్ జేపిద్దాం. దీనికి ఇంక ఈతలొద్దు. మిగిలినవాటికి డాక్టర్ ఎట్ల చెప్తే గట్లనే."

మరుసటి ఆదివారం బర్కత్‌పుర నుంచి ఒక కొత్త జంట వచ్చింది. చిన్ని చాప మీద పడుకుని పిల్లలకు పాలిస్తోంది. ఆ అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏమైందక్కా దీనికి? రోగమా?"

వయసు మీద పడిందని చెప్తే సరిపోయేది. అభిజిత్ వంటింటి గుమ్మంలో నిలబడి భార్య ముఖం చూస్తున్నాడు.

"రోగం కాదు. ఏడుసార్లు ఈనిపిచ్చినం. మేమే ఇట్ల చేసినం" అంది సంజన. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

ఆ జంట పిల్లను తీసుకోకుండానే మెట్లు దిగిపోయింది. సంజన వాళ్లను పిలవలేదు, చిన్నిని పక్క గదిలోకి మార్చనూ లేదు.

ముద్దొచ్చే పిల్లను చేతుల్లోకి తీసుకునే ముందు దాని తల్లిని చూపించమని అడగండి. చూపించలేని వాళ్లకు ఎంత సిగ్గో, అడగకుండా కొనే మనకూ అంతే సిగ్గు.