వంటింటి కిటికీలో సగం పొద్దు

కారు నేర్పే అమ్మకి గొంతు పెంచదని పెద్ద పేరు. డ్రైవింగంటే వణికిపోయేవాళ్లని అందరూ ఆవిడ దగ్గరికే పంపేవారు. ఎదురుగా లారీ వస్తుంటే స్టీరింగు వదిలేసి కళ్లు మూసుకున్నవాళ్లతో కూడా "ఏం పర్లేదండీ, ముందు కళ్లు తెరవండి" అనేది. టీచర్ల వైపు ఇంకో బ్రేకు ఉంటుంది కదా, నోటికి పని చెప్పకుండా దాన్ని తొక్కేది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పాక మాత్రం ఆ రోజంతా మనసులో మళ్లీ నడిపి చూసుకునేది. ఎక్కడ విసుక్కున్నాను, ఎవరి మాట మధ్యలో తుంచాను, ఎవరిని చూసి లోలోపల నవ్వుకున్నాను అని వెతికి వెతికి, దొరికినవన్నీ ప్రార్థనలో బయటపెట్టేది. దీర్ఘశాంతం, ఆశానిగ్రహం అన్నవి ఆవిడకి ఆదివారం చర్చిలో విని వదిలేసే మాటలు కావు. చుట్టాలెవరూ లేని ఊళ్లో, భర్త పొద్దంతా కొట్లో ఉంటే, ఇద్దరు ఆడపిల్లల్ని పెంచుతోంది. తను కాస్త ఏమరితే వాళ్లని పట్టుకునే చెయ్యి ఇంకోటి లేదని ఆవిడ భయం.

వాళ్ల వంటింటి కిటికీ పడమటి వైపు. ఇంట్లో ఎవరికి ఎవరిమీద కోపం ఉన్నా, అది తీరేదాకా ఆ కిటికీలో పొద్దు కుంకేది కాదు. ఊరంతటికీ వేళకే చీకటి పడేది, వీధి దీపాలు వెలిగేవి. ఆ ఒక్క కిటికీలో మాత్రం సూర్యుడు నీళ్ల ట్యాంకు మీద గడప దిగని చుట్టంలా కూర్చుని ఉండేవాడు. దీని గురించి వాళ్లు చెప్పుకోవడం కూడా 'మా తలుపు వానాకాలం బిగుసుకుంటుంది' అన్నట్టే ఉండేది. కింద వాటాలో ఉండే దర్జీ అత్తకైతే లాభమే. ఆ వెలుగు ఆవిడ వరండాలో పడితే సూదిలోకి దారం చక్కగా ఎక్కేది. "ఈమధ్య మీరంతా మరీ బుద్ధిమంతులైపోయారు, నా పని వెనకబడిపోతోంది" అని దెప్పేది.

బుద్ధిమంతులు అవడానికి అమ్మ పెట్టిన పద్ధతి ఒకటుంది. భోజనానికి ముందు అందరూ వంటింట్లో నిలబడి ఒకరినొకరు క్షమాపణ అడగాలి, పొద్దు వాలాలి, అప్పుడే కంచాలు. చిన్నది కంచం చేత్తో పట్టుకునే, "అక్కా క్షమించు, నాన్నా క్షమించు, అమ్మా క్షమించు" అని ఒక్క ఊపిరిలో ముగించేది. చిన్నాచితకా కోపాలకి అది సరిపోయేది.

తెల్లవారితే పెద్దమ్మాయికి డ్రైవింగ్ టెస్టు. నెగ్గితే దూరంగా ఓ పట్నంలో పుస్తకాల బండి నడిపే ఉద్యోగం. బడి లేని పల్లెలకి పుస్తకాలు తీసుకెళ్లే బండి అది. ఇప్పటికే రెండుసార్లు టెస్టు వాయిదా పడింది. మొదటిసారి ముందురోజు పాఠంలో కారు గోడకి ఆనించింది, రెండోసారి చెయ్యి చూపించకుండా మలుపు తిప్పింది. ఆ రెండుసార్లూ అమ్మ ఆగమంటే పిల్ల కూడా నిజమేనంది. ఇంక ఆగేది లేదని ఉద్యోగం ఇచ్చేవాళ్లు చెప్పేశారు.

ఆ సాయంత్రం ఆఖరి పాఠం అయ్యాక అమ్మ సీటు బెల్టు విప్పుతూ, "ఇంకా పట్టు చిక్కలేదమ్మా. ఇంకోసారి వాయిదా వేద్దాం. తొందరపాటు మంచిది కాదు" అంది, ఎప్పటి మెత్తటి గొంతుతోనే.

"సరే అమ్మా" అంది పెద్దది, అంతే మెత్తగా.

ఇంటికొచ్చారు. వంటయింది. క్షమాపణలయ్యాయి. పొద్దు కదల్లేదు.

"ఎవరో సరిగ్గా అడగలేదు. మళ్లీ మొదలుపెట్టండి" అంది అమ్మ.

మళ్లీ అడిగారు. సూర్యుడు అక్కడే ఉన్నాడు. చిన్నది ఆ కోపం తనదేనేమోనని, "అక్క నా రంగు పెన్సిలు ముక్కు విరగ్గొట్టింది. పోనీలే, క్షమించేశాను" అంది. ఫలితం లేదు. కళ్లద్దాల కొట్లో పనిచేసే నాన్న అద్దాలు తీసి తుడుచుకుని, "మా యజమాని మీద కొంచెం ఉంది. కానీ అది కొట్టు సంగతి, ఇంటిది కాదు" అన్నాడు. "వంట చల్లారిపోతోంది, ఎవరిదో వాళ్లు ఒప్పేసుకోండర్రా."

కింద నుంచి దర్జీ అత్త కేకేసింది. "తొందరేం లేదు, తాపీగా కానివ్వండి. ఇంకో జాకెట్టు ఉంది కుట్టడానికి."

చిన్నది నవ్వింది. పెద్దది నవ్వలేదు. గరిటె తీసి చప్పుడయ్యేలా గట్టు మీద పెట్టింది.

"నాదే. అమ్మ మీద."

"దేనికమ్మా?" అన్నాడు నాన్న.

"రేపు టెస్టు వద్దంది. ఈ పూట నేనేం తప్పు చేశానో చెప్పలేదు. తిట్టినా బాగుండేది. 'పట్టు చిక్కలేదు' అని పాలు పోసినట్టు చెప్తే నేనేమనాలి? సరే అన్నాను. సరే కాదు."

అమ్మ వెంటనే ముందుకొచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. "చెప్పాల్సింది. క్షమించు తల్లీ." పెద్దది కళ్లు తుడుచుకుని తలూపింది. సూర్యుడు ట్యాంకు వెనక్కి జారాడు. అందరూ కంచాలందుకున్నారు. కానీ సూర్యుడు సగం దిగి ఆగిపోయాడు.

"సగం మిగిలిందర్రా, ఎవరిదో చూసుకోండి" అంది కింద నుంచి దర్జీ అత్త.

ముగ్గురూ అమ్మ వైపు చూశారు.

"నాకెందుకుంటుంది? నేను కోప్పడి ఎన్నేళ్లయింది!"

"అదే నేనూ అనుకుంటున్నాను" అన్నాడు నాన్న నెమ్మదిగా. "ఎన్నేళ్లయింది?"

అమ్మ కిటికీ దగ్గరికెళ్లి నిలబడింది. అలవాటు ప్రకారం ఆ రోజుని మళ్లీ నడిపి చూసుకుంది. ఎప్పుడూ తన మాటల్ని వెతికేది, ఈసారి కాళ్లని వెతికింది. నాలుగు రోడ్ల దగ్గర సైకిలు అడ్డొచ్చింది. తన పాదం లేచేలోపే కారు ఆగిపోయింది. వంతెన దగ్గరా అంతే. పాఠమంతా తన పాదం ఊరికే ఉంది. అప్పుడు గుండెలో మండింది. ఆ మంటని అలవాటుగా మింగేసింది. మింగేసి, దానికి 'తొందరపాటు మంచిది కాదు' అని పేరు పెట్టింది.

"నువ్వు తప్పేం చెయ్యలేదు" అంది కిటికీలోకి చూస్తూనే. "చాలా బాగా నడిపావు. నాకంటే ముందే ఆపావు. నాకు కోపమొచ్చింది."

"బాగా నడిపితే కోపమా?" అంది చిన్నది.

"అవునే. అక్కడ అదొక్కతే ఉంటుంది. ప్రార్థన చేసుకుంటుందో లేదో, తింటుందో లేదో, ఎవరితో తిరుగుతుందో, నేను పక్కన ఉండను. నేను లేకపోయినా నడిపేస్తుందని తెలిసిపోయింది. నా పిల్లని ప్రభువుకి అప్పగించానని రోజూ చెప్తాను. అప్పగించి చెయ్యి మాత్రం వదల్లేదు." గొంతు పెరిగింది. "వెళ్లాలని అంత తొందరేమే నీకు?"

ఇంట్లో ఎవరూ ఆ గొంతు విని ఉండరు. పెద్దది అమ్మని వెనకనుంచి వాటేసుకుంది.

"తిడుతున్నావా?"

"తిడుతున్నాను."

"బాగుంది. ఇంకాసేపు తిట్టు."

ఎవరూ లైటు వేసే లోపే వంటిల్లు చీకటైపోయింది. కింద వాటాలో కత్తెర జారిపడిన చప్పుడు, వెంటనే దర్జీ అత్త గొణుగుడు వినిపించాయి. ఆ చీకట్లో అమ్మ ముక్కు తుడుచుకుని, "పొద్దున్నే లే. టెస్టుకి ఆలస్యమైతే చంపేస్తాను" అంది.

టెస్టు జరిగేచోట టీచర్లు వెనక సీట్లో కూర్చోవచ్చు. అమ్మ ప్రతి శిష్యుడితోనూ కూర్చునేది. ఆ పొద్దున మాత్రం తాళంచెవి కూతురి చేతిలో పెట్టి, గేటు పక్కన వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చుంది. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఇదిగో" అంది. ఆ తర్వాత అడగాల్సినవన్నీ వరసగా గుర్తున్నాయి గాని, దేన్నీ అడగబుద్ధి కాలేదు. గాలి చల్లగా ఉంది. పెద్దది పుట్టినప్పటినుంచి పగలు కునుకు తియ్యని మనిషి, అక్కడే, నలుగురూ తిరిగే చోట, నోరు కాస్త తెరుచుకుని నిద్రపోయింది.

ఎవరో మోకాలు తట్టారు.

"అమ్మా, లే. నెగ్గాను" అంది పెద్దది. "పద, ఇంటికి తీసుకెళ్తాను."

"ఊఁ" అంది అమ్మ. కారెక్కాక మళ్లీ కళ్లు మూసుకుంది.