ఎందుకైనా మంచిది

పెద్దకోడలు భోజనాల బల్ల మీది దిండ్లను ఒక్కొక్కటే ఎత్తి సోఫా మీద పేరుస్తోంది. నెల రోజులుగా ఆ ఇంట్లో అన్నం వడ్డించాలంటే ముందు దిండ్లు దించాలి, తిన్నాక మళ్ళీ ఎక్కించాలి. సోఫా చాలకపోతే కుట్టుమిషను మీద, అదీ చాలకపోతే అత్తగారి మంచం కింద. మంచం కింద కూడా నిండిన రోజున అత్తగారు, "ఇక నన్ను కూడా లేపేసి మంచం మీద పేర్చెయ్యండి. నేను ఏదో ఒక గలీబులో దూరి పడుకుంటాను," అన్నారు.

వాళ్ళది దిండ్ల వ్యాపారం. మామగారు దూది తెప్పిస్తారు. పెద్దకొడుకు ఇంటి వెనక కార్ఖానాలో కుట్టిస్తాడు. పెద్దకోడలు రెండు వీధుల అవతల దుకాణంలో కూర్చుని అమ్ముతుంది. ఏడేళ్ళుగా ఆమెకి ఆ దుకాణం రెండో పుట్టిల్లు. వచ్చినవాళ్ళు దిండు నొక్కి చూసే తీరును బట్టి మెడనొప్పి మనిషో, బోర్లా పడుకునే మనిషో చెప్పెయ్యగలదు.

రెండు నెలల కిందట ఒక హాస్టలు వాళ్ళు వచ్చి ఒక్కసారే ఇరవై దిండ్లు పట్టుకుపోయారు. దుకాణం బోసిపోయింది. ఆమె చీటీ మీద నలభై అని రాసి కార్ఖానాకి పంపింది. ఆ నలభై చూసి భర్త ఎనభైకి దూది కావాలన్నాడు. ఆ ఎనభై విని మామగారు రెండు వందలకి సరిపడా దింపించారు. దిగిన దూది ఊరికే కూర్చుంటుందా, దిండ్లయి కూర్చుంది. హాస్టలు వాళ్ళు మళ్ళీ రాలేదు. తలకొక దిండు చాలు కదా.

"నలభై ఎందుకు రాశావమ్మా?" అని మామగారు అడిగారు.

"ఎందుకైనా మంచిదని రాశాను మామయ్యా."

"ఆ మాట అన్నం వండేటప్పుడు పనికొస్తుంది, దుకాణంలో కాదు. సోమవారం నుంచి మా మేనల్లుడు కూర్చుంటాడు. నువ్వు కాస్త విశ్రాంతి తీసుకో."

మేనల్లుడంటే ఏ పనిలోనూ ఆర్నెల్లు నిలవని పెద్దమనిషి. విశ్రాంతి అన్న మాట విన్నందుకే ఆమెకి ఒళ్ళంతా నీరసం వచ్చినట్టయింది.

ఆ సోమవారం రేపే.

భోజనాలయ్యాక ఆమె మళ్ళీ దిండ్లు ఎక్కించబోతుంటే చిన్నకోడలు అడ్డు వచ్చింది. "బల్ల అలాగే ఉంచు అక్కా. నాకు పనుంది." కొత్తగా వ్యాపారం పెట్టుకునేవాళ్ళకి పాఠాలు చెప్పే కేంద్రంలో ఆమె టీచరు. పుస్తకం పక్కన పెట్టి ఆటలాడించి చెబుతుందని ఇంట్లో అందరూ ఆమెని ఆటల పంతులమ్మ అంటారు. "రేపు క్లాసులో ఒక ఆట ఆడించాలి. ముందు మీ మీద చూస్తాను."

"మా మీదా? మేమేమన్నా ఎలుకలమా?" అన్నారు అత్తగారు. అంటూనే తన పాత గుండీల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు.

చిన్నకోడలు నలుగురినీ నాలుగు వైపులా కూర్చోబెట్టింది. మామగారికి దుకాణం ఇచ్చింది. అత్తగారికి గోదాం, బావగారికి కార్ఖానా, అక్కకి దూది. ఒకరి ముందున్నది ఇంకొకరికి కనపడకుండా మధ్యలో దిండ్లు గోడల్లా పేర్చింది. "గుండీలే మన సరుకు. తలా పన్నెండు. ఆటలో ఒక్కో చుట్టు ఒక వారం. ఆ వారం ఎన్ని కావాలో కొనేవాళ్ళు ఒక కార్డు మీద చెబుతారు, అది మామయ్య ఒక్కరే చూస్తారు. సరుకు తగ్గితే వెనకవాళ్ళకి చీటీ రాయాలి. అక్క మాత్రం డబ్బాలోంచి తీసుకుంటుంది. అడిగిన సరుకు రెండు వారాలు ఆగి వస్తుంది. ఎవరూ నోరు విప్పకూడదు. చీటీ మీద అంకె తప్ప ఇంకేమీ రాయకూడదు."

"నాకు దాహం వేస్తే?" అన్నారు అత్తగారు.

"అది కూడా అంకెలోనే రాసివ్వు," అన్నారు మామగారు. దుకాణం తన చేతికి రావడం ఆయనకి నచ్చింది. "కూర్చుని అమ్మడమేగా."

మొదటి నాలుగు వారాలు నాలుగేసి గుండీలు వెళ్ళాయి, నాలుగేసి వచ్చాయి. మామగారు ఆవులించారు. అయిదో వారం కార్డు చూసి ఆవులింత మధ్యలో ఆపేశారు. గోడ అవతల ఏం జరిగిందో పెద్దకోడలికి తెలియలేదు. తెలిసిందల్లా ఒకటే, కాసేపటికి తన దగ్గరికి వచ్చే చీటీల తీరు మారింది. నాలుగు పోయి ఇరవై వచ్చింది. తర్వాత యాభై. ఆ తర్వాత భర్త చెయ్యి దిండు పైనుంచి అరవై అని రాసిన చీటీ పడేసి, తొందరగా అన్నట్టు వేళ్ళు ఆడించింది.

ఇవ్వడానికి ఆమె దగ్గర మూడే గుండీలు మిగిలాయి. అరవై అడుగుతున్నారు, వచ్చేవారం ఎంత అడుగుతారో. డబ్బాలోంచి ఎనభై తనవైపు లాక్కుంది. లాక్కున్నాక చెయ్యి ఆగింది. ఆ కాగితం మీద అరవై చూస్తే ఎవరైనా తెస్తారు. మామయ్య మాత్రం ఏం చేస్తారు, అనిపించింది. ఆయన మీద ఇన్నాళ్ళూ దాచుకున్న కోపం ఎక్కడో కొంచెం వదులైంది. అది ఆమెకి అంతగా నచ్చలేదు కూడా.

మరో రెండు వారాలకి చీటీ మీద సున్నా వచ్చింది. తర్వాత ఇంకో సున్నా. ఆమె ముందు గుండీల గుట్ట. అవతల మామగారు గట్టిగా దగ్గుతున్నారు, ఎవరికో ఏదో చెప్పాలన్నట్టు.

"దగ్గు కూడా వద్దు మామయ్యా," అంది చిన్నకోడలు. పదిహేనో వారానికి ఆట ఆపించి దిండు గోడలు తీసేసింది. నలుగురి ముందూ నాలుగు గుట్టలు.

"అక్కా, కొనేవాళ్ళు ఎలా కొన్నారనుకుంటున్నావు?"

"ఏముంది, కొన్నాళ్ళు ఎగబడి ఉంటారు. తర్వాత దుకాణం మొహం చూసి ఉండరు."

"నాకూ అలాగే అనిపించింది," అన్నాడు భర్త. "వీళ్ళకి స్థిరం లేదు."

చిన్నకోడలు కార్డులు వరసగా తిప్పింది. నాలుగు, నాలుగు, నాలుగు, నాలుగు. అయిదో వారం ఎనిమిది. అక్కణ్ణించి చివరిదాకా ఎనిమిదే.

"అంతేనా?" అన్నాడు భర్త.

అత్తగారు తన ముందున్న చీటీలు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశారు. "వాళ్ళు ఎనిమిది అడిగితే మీరు నన్ను ఇరవై ఎందుకు అడిగారండీ?"

"ఎందుకైనా మంచిదని," అన్నారు మామగారు.

అనేశాక ఆయనకే వినపడింది. పెద్దకోడలు తల వంచుకుని గుండీలు రంగుల వారీగా వేరు చెయ్యడం మొదలుపెట్టింది.

"నేను మాత్రం తక్కువ తిన్నానా," అన్నారు అత్తగారు, ఆ మాటని అక్కడే వదిలెయ్యలేక. "మీరు ఇరవై అంటే నేను ముప్పై రాశాను. నలుగురికి వండమంటే అయిదుగురికి పొయ్యడం అలవాటు కదా. తిలాపాపం తలా పిడికెడు."

"మాట్లాడనిచ్చి ఉంటే ఇలా జరిగేదే కాదు," అన్నారు మామగారు కాస్త చిరాగ్గా. "ఎనిమిదే పోతున్నాయని ఒక్క మాట చెబితే సరిపోయేది. నోళ్ళు కట్టేసి ఆడిస్తే ఎవరైనా ఓడిపోతారు."

"మాట్లాడకూడదన్నది ఆటలో రూలు మామయ్యా."

"ఆటలో రూలు సరే," అన్నారు అత్తగారు. "మనింట్లో ఎవరు పెట్టారు?"

మామగారు లేచి, వరండాలోకి వెళ్ళి, తడిపిన మొక్కలకే మళ్ళీ నీళ్ళు పోశారు.

గుండీలు డబ్బాలో పోస్తూ పెద్దకోడలు గొంతు తగ్గించి అడిగింది. "నువ్వు కావాలనే ఆడించావు కదూ?"

"లేదక్కా. నిజంగానే రేపు క్లాసుంది." ఒక దిండు అందుకుని, "దుకాణం మాత్రం కావాలనే ఆయనకిచ్చాను," అంది.

పెద్దకోడలికి నవ్వొచ్చింది. నెల రోజుల్లో అదే మొదటిసారి. కానీ మామగారు ఆ సాయంత్రం మేనల్లుడి ఊసెత్తలేదు. వస్తున్నాడనీ అనలేదు, రావట్లేదనీ అనలేదు.

సోమవారం పొద్దున ఆమె టీ తీసుకెళ్ళేసరికి ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"అమ్మాయ్, దుకాణంలో మామూలు రోజున ఎన్ని పోతాయి?"

ఏడేళ్ళలో ఆయన ఆ ప్రశ్న అడగలేదు. ఆమె కప్పు కింద పెట్టింది. "నాలుగు మామయ్యా. శనివారాలు ఏడెనిమిది. వాన పడితే ఒకటి."

"వానలో ఆ ఒక్కటి ఎవరు కొంటారు?"

"తడవకుండా లోపలికొచ్చి నిలబడ్డవాళ్ళు. వాన తగ్గాక ఉత్తి చేతులతో వెళ్ళడానికి మొహమాటపడతారు."

ఆయన మీసాల్లో నవ్వుకున్నారు. "మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మీరు అంకె అడిగేవారు. అంకె రాసేదాన్ని."

ఆయన టీ సగం తాగి ఫోను అందుకున్నారు. ఆమె వంటింట్లోకి వెళ్ళి గిన్నె కడుగుతూ కుళాయి కొంచెమే తిప్పుకుంది, మాటలు వినపడాలని.

"ఒరే, నేనురా మామయ్యని. దుకాణానికి నువ్వు రానక్కర్లేదు. ఆఁ, కూర్చునే మనిషి ఉంది. కార్ఖానాలో అయితే దూది ఏకడానికి ఒక మనిషి కావాలి, వస్తావా? ఆలోచించుకుంటావా? సరే, తీరిగ్గా ఆలోచించుకో." ఫోను పెట్టేసి, గది మొత్తానికి చెబుతున్నట్టు, "ఆలోచించుకుంటాట్ట," అన్నారు. తర్వాత వంటింటివైపు తిరిగి, "సాయంత్రం రాగానే ఆ రోజు ఎన్ని పోయాయో నాకు చెప్పమ్మా. చీటీ వద్దు, వచ్చి చెప్పు," అన్నారు.

అత్తగారు కోడలి మొహంలోకి చూశారు, ఏమంటుందోనని.

ఆమె చేతులు తుడుచుకుంది. తన గదిలోకి వెళ్ళి చీర మార్చుకుని, తల దువ్వుకుని వచ్చింది. ఏదైనా అంటే అది కృతజ్ఞతలా వినపడుతుంది. తన కుర్చీలో తను కూర్చోవడానికి ఎవరికైనా కృతజ్ఞత ఎందుకు చెప్పాలి? కోపంలా వినపడినా బాగుండదు, అంత కోపం కూడా ఇప్పుడు లేదు. దుకాణం తెరవాల్సిన తొమ్మిదికి ఇంకా ఇరవై నిమిషాలుంది. బోర్లా పడుకునేవాళ్ళ కోసం సోఫా మీదినుంచి రెండు పల్చటి దిండ్లు ఏరి చంకలో పెట్టుకుంది. చెప్పులు వేసుకుని, మామగారి కుర్చీ పక్కనుంచి, ఎవరితోనూ ఒక్క మాటైనా అనకుండా వీధిలోకి వెళ్ళిపోయింది.